వలకు కట్టిన చెప్పులు

కొత్త సంవత్సరం నుంచి ఏ వస్తువునూ ఒకసారి వాడి పారేయకూడదని మా వీధి ఆడవాళ్లంతా తీర్మానం చేసుకున్నారు. "చేసుకున్నాం" అని రాయడం లేదు. ఎందుకంటే నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి నేను ఏదీ అలా పారేసింది లేదు. కొత్తగా తీర్మానించుకోవలసింది నాకేమీ లేదు.

మాది ముత్తుకూరులో ఒక చిన్న వీధి. మగవాళ్లలో సగం మందికి పోర్టులోనో, కరెంటు ఫ్యాక్టరీల్లోనో పని. మా ఆయన పోర్టులో లారీల దగ్గర పని చేస్తాడు. డిసెంబరు ఆఖర్లో ఒక సాయంత్రం వీధి చివరి మేడింటి టీచరమ్మ తన వరండాలో అందరినీ కూర్చోబెట్టింది. ఆమె రిటైరయింది గానీ పాఠం చెప్పడం మానలేదు. తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త ఇంకో బుట్టలో వేయాలని, బజారుకు గుడ్డసంచీ తీసుకెళ్లాలని, పాల కవర్లు కడిగి ఆరబెట్టి దాచాలని చెప్పింది.

పాల కవర్ల మాట వినగానే నాకు ఒళ్లు మండింది. మేము ఈ వీధికి వచ్చిన కొత్తలో నేను పాల కవర్లు కడిగి, బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసేదాన్ని. ఒకరోజు ఇదే టీచరమ్మ మా ఇంటి ముందు ఆగి, పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ వింటుండగా, "ఏందమ్మాయ్, తోరణాలు కట్టినావు? మీ ఇంట్లో ఏం పండగ?" అంది. అందరూ నవ్వారు. ఎదురింటామె కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తే. అప్పటి నుంచి నేను కవర్లు పెరట్లో ఆరేసుకుంటున్నాను.

అందుకే లేచి నిలబడి, "టీచరమ్మా, కవర్లు వీధి వైపు ఆరెయ్యాల్నా, పెరటి వైపా?" అని అడిగాను.

"ఎక్కడైనా ఆరెయ్యి అమ్మాయ్. ఎండ తగిలితే చాలు" అంది.

ఆమెకు గుర్తు లేదు. అన్నవాళ్లకు గుర్తుండదు. పడినవాళ్లకే ఆ పని.

తర్వాత పాత చెప్పుల సంగతి వచ్చింది. అరిగిపోయిన రబ్బరు చెప్పుల్ని ఏం చేయాలని ఎదురింటామె అడిగింది. పాత సామాన్లవాడు తీసుకోడు. మంటేస్తే కంపు. కాలవలో వేస్తే నీళ్లకు అడ్డం. టీచరమ్మకు కూడా ఏమీ తోచలేదు. నేను ఊరుకోలేకపోయాను. సముద్రం ఒడ్డున మా పుట్టింటి ఊళ్లో పాత చెప్పులు ఎవరూ పారేయరని, వాటిని గుండ్రంగా కోసి మధ్యలో చిల్లు పెట్టి వలకు బెండ్లుగా కడతారని చెప్పాను. వల పైతాడు మునిగిపోకుండా నీళ్ల మీద తేలడానికి కట్టేవే బెండ్లు.

ఎదురింటామె ముక్కు మీద వేలేసుకుంది. "చెప్పులు కట్టిన వలతోనా చేపలు పట్టేది? అయ్యేనా మేం తినేది?"

"నువ్వు తినేది చేపని. బెండుని కాదు" అన్నాను.

టీచరమ్మ మాత్రం చప్పట్లు కొట్టింది. ఒకటో తేదీ పొద్దున వీధిలో బల్ల వేసి, పాతవాటితో చేసిన వస్తువులు అందరూ తెచ్చి పెట్టాలని, నేను మా ఊరి బెండు ఒకటి తెచ్చి చూపించాలని అంది. సరే అన్నాను. కానీ అన్నంత తేలిగ్గా నేను ఆ ఊరికి పోలేనని అక్కడెవరికీ తెలియదు. అమ్మ పోయాక, అమ్మ చెప్పుల విషయంలో మా అన్నతో గొడవపడి వచ్చినదాన్ని. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మా నాన్న వేటకు పోయేవాడు. అమ్మ చేపలు అమ్మేది. గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి, దిగి, ఇల్లిల్లూ తిరిగేది. మోసి మోసి ఆమె నడక ఒక పక్కకు ఒరిగిపోయింది. అందుకే ఆమె ఎడమ చెప్పు మడమ దగ్గర ముందుగా అరిగేది.

మా ఇంట్లో ఏదీ చెత్త అయ్యేది కాదు. వల చిరిగితే ఎండుచేపల మీద కాకులు వాలకుండా పరిచేవాళ్లం. ఇంకా చిరిగితే దొడ్లో బీరపాదు దాని మీదికి పాకేది. అక్కడా చివికిపోతే ముద్దగా చుట్టి గిన్నెలు తోమేవాళ్లం. పడవకు వేసిన రంగు డబ్బా నీళ్ల బక్కెట్టయ్యేది. ఐసు పెట్టె మూత విరిగితే దాంట్లో కోడి గుడ్లు పొదిగేది. చీర అయితే కట్టినన్నాళ్లు కట్టి, తర్వాత బిడ్డలకు ఉయ్యాల, తర్వాత బొంత, ఆఖరికి పొయ్యి కాడ మసిగుడ్డ. అమ్మ దీన్ని పొదుపు అనలేదు, మంచి అలవాటు అనలేదు. దీనికి ఒక పేరు ఉంటుందని, వరండాలో కూర్చోబెట్టి నేర్పుతారని ఆమెకు తెలియదు.

చెప్పుల సంగతి ఇంకొంచెం వేరు. మా వాళ్లు చెప్పులతో పడవ ఎక్కరు. వల పరిచి ఉంటే చెప్పులు దూరంగా విడిచి రావాల్సిందే. పొరపాటున తొక్కితే పెద్దవాళ్లు తిట్లు లంకించుకునేవాళ్లు. అదే చెప్పు అరిగాక కోసి బెండు చేస్తే మాత్రం, పసుపూ కుంకుమా పెట్టిన కొత్త వలకు కట్టినా తప్పు లేదు. చిన్నప్పుడు నేను ఇదెట్లా అని అడిగితే అమ్మ, "కోసినాక అది యాడ చెప్పుమే?" అంది.

కోసేది కూడా ఆమే. టీ గ్లాసు బోర్లించి, చుట్టూ బొగ్గుతో గీసి, కత్తితో కోసేది. పొయ్యిలో ఊచ కాల్చి మధ్యలో గుచ్చేది. కాలిన రబ్బరు వాసన ఇల్లంతా కమ్ముకునేది. పిల్లల చెప్పులకైతే రెండే బెండ్లు వస్తాయి, నాన్న చెప్పులకు నాలుగు. ఊళ్లో ఎవరి చెప్పులు తెగినా మా ఇంటి ముందు పడేసి పోయేవాళ్లు.

అమ్మ కొద్దిరోజుల జ్వరంతో పోయింది. పెద్దకర్మ నాడు చుట్టాలు కాస్త పలచబడ్డాక, ఆమెది ఏదైనా ఒకటి నా దగ్గర ఉంచుకుందామని ఇల్లంతా వెతికాను. ఏమీ దొరకలేదు. మంచి చీర ఆమెతోనే పోయింది. ఇంకోటి చాకలామెకు ఇచ్చారు. ఉన్న పాత చీరను వదిన అప్పటికే చించి, కూతురి బిడ్డకు ఉయ్యాల కట్టింది. గంప పక్కింటామె పట్టుకుపోయింది. ఫోటో అంటే రేషన్ కార్డులో ఉన్నదే. ఏదీ పారేయని ఇంట్లో పోయిన మనిషి గుర్తు కూడా ఏదీ మిగలదని నాకు అప్పుడు తెలిసింది. ఆమె ముట్టుకున్న ప్రతి వస్తువూ అప్పటికే ఇంకొకటి అయిపోయింది.

గడప పక్కన ఆమె చెప్పులు మాత్రం విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. నీలం పట్టీలు, తెల్లటి అట్ట. తెలుపు మీద అయిదు వేళ్ల గుంటలు, వెనక మడమ గుంట. ఎడమది పలచగా అరిగిపోయి ఉంది. నా వేళ్లు ఆ గుంటల్లో పెట్టి చూశాను. వాటిని కవర్లో వేసుకోబోతుంటే మేనత్త చెయ్యి పట్టుకుంది.

"కర్మ జరిగిన ఇంట్లో నుంచి ఈ పొద్దు ఏదీ పట్టుకుని పోగూడదు. అందులోనూ చెప్పులా? యాడికి పోతాయి, తర్వాత వచ్చి తీసకపో."

అలాంటి ఇంటి నుంచి వచ్చేటప్పుడు పోయొస్తానని కూడా చెప్పకూడదు గదా. నేను చెప్పలేదు. అన్నతో మాత్రం, "అన్నా, ఆ చెప్పులు నాకు కావాల. ఎవురూ తియ్యబాకండి" అన్నాను. అన్న తల ఊపాడు. ఊపాడని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

నెల మాసికానికి వెళ్లేసరికి గడప పక్కన చెప్పులు లేవు. అన్న అరుగు మీద కూర్చుని వల బాగు చేస్తున్నాడు.

"అమ్మ చెప్పులేవి?"

"కోసేసినామే. బెండ్లు తక్కువైనాయి" అన్నాడు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

"నాకు కావాలంటే తల ఊపినావు గదా!"

"ఆ పొద్దు ఎంతమందికి తల ఊపినానో నాకేం తెలుసు? పాత చెప్పులే గదా. అమ్మయితే కొయ్యదా?"

నేను ఏడుస్తూ గట్టిగా అరిచాను. వదిన లోపలి నుంచి వచ్చింది. "పోయినామె చెప్పుల కోసం ఇంత రాద్ధాంతమా? ఉంటే ఏం చేస్తావు, నెత్తిన పెట్టుకుని ఊరేగతావా?" అంది. చుట్టుపక్కల నలుగురూ విన్నారు. నేను అన్నం తినకుండా బస్సెక్కాను. ఆ కొత్తలో ఒకటి రెండు పెళ్లిళ్లలో ఎదురుపడినా వాళ్లతో పలకలేదు. అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు, తీయలేదు. మా ఆయన ఎన్నోసార్లు నచ్చజెప్పాడు. ఆయనకు ఆయన అమ్మ ఫోటో గోడ మీద ఉంది, దండతో సహా. ఆయనకేం, చెబుతాడు.

ఇన్నేళ్ల తర్వాత బెండు పేరు చెప్పుకుని మళ్లీ బస్సెక్కాను. టీచరమ్మ బల్ల మీదికి ఏ ముక్క అయినా సరిపోతుంది. ఆమె అడిగింది కాబట్టి వెళ్లానని అందరికీ చెప్పాను. కానీ నాకు కావలసింది అమ్మ చెప్పుల ముక్కలు. ఒక్కటి దొరికినా చాలనుకున్నాను.

అన్న ఇసుకలో తాటాకు పందిరి కింద వల పరుచుకుని కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నాకు ఎవరూ చెప్పలేదు. నేను అలవాటుకొద్దీ చెప్పులు దూరంగా విడిచి దగ్గరికి వెళ్లాను.

"ఎవురది?" అన్నాడు.

"చూసి కూడా అడగతావా?"

"చూసినాను కాబట్టే అడగతా ఉండా. మనిషి మా చెల్లెలు మాదిరి ఉంది. మా చెల్లెలయితే ఈ పక్కకు రాదే."

"రాకుండా చేసిందెవురో?"

"ముందు కూర్చోమే. నిలబడి తిడితే కాళ్లు లాగతాయి. ఇంకా చానా తిట్టాల గదా."

నవ్వు రాకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను. టీచరమ్మ సంగతి చెప్పాను. చెప్పు ముక్క చూసేదానికి బల్ల వేస్తారా అని అన్న పడీ పడీ నవ్వాడు.

"ఆమెకి ఏదైనా చాలు. నాకు మాత్రం అమ్మవి కావాల" అన్నాను.

అన్న నవ్వు ఆగిపోయింది. చేతిలో ఉన్న ముడి బిగించాడు. తర్వాత వలను నా వైపుకు జరిపాడు. "వల మార్చినప్పుడు కూడా పాత బెండ్లన్నీ దీనికే ఎక్కించినా. తెగిపోయినవి పోగా ఉంటే ఇందులోనే ఉండాల. ఏవో నాకు తెలీదు. చూసుకో."

పైతాడు పట్టుకుని ఒక్కొక్క బెండూ చూసుకుంటూ పందిరి దాటి ఎండలోకి పోయాను. అన్నీ ఒకే రకం చెప్పులు. మా ఊళ్లో అందరూ నీలం పట్టీలవే తొడిగేవాళ్లు. తెలుపు పసుపుపచ్చగా మారింది, నీలం ఎండకు వెలిసింది. ఉప్పు పట్టి కొన్ని రాయిలా గట్టిపడ్డాయి. కొన్నింటి అంచులు పీతలు కొరికాయి. నేను వేళ్ల గుంట కోసం వెతికాను. నీళ్లలో నానీ ఎండీ గుంటలన్నీ పూడిపోయాయి. మడమ దగ్గర పలచబడిన ముక్క కోసం వెతికాను. అలాంటివి చాలా దొరికాయి. ఒకటి పట్టుకుని ఇదే అనుకునేదాన్ని, పక్కదీ అలాగే ఉండేది. మా ఊళ్లో గంప మోసిన ఆడవాళ్లంతా అమ్మలాగే ఒరిగి నడిచారు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. అన్న వచ్చి పక్కన కూర్చుని తనూ వెతకడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఒక బెండు పట్టుకుని, "ఇదే అమ్మది" అన్నాడు.

తాడు వదిలేసి అతని వైపు తిరిగాను. "ఎట్టా తెలుసు?"

"తెలీదు. ఎండలో ఉండావు, ఇచ్చేస్తే లోపలికి వస్తావని చెప్పినా."

ఆ బెండును అతని ఒళ్లోకే తోసేశాను. "ఆ పొద్దు కొయ్యకుండా ఉంటే ఈ పొద్దు అబద్ధం చెప్పే పని ఉండేది కాదు. బెండ్లకి ఊళ్లో ఇంకెవురి చెప్పులూ దొరకలేదా నీకు?"

అన్న సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. "బెండ్లకి కాదుమే. ఆ చెప్పులు గడప కాడ కనిపిస్తా ఉంటే ఆమె లోపల ఉండాదనే అనిపించేది. ఒక పొద్దున వేట నుంచి వచ్చి, చెప్పులు చూసి, అమా నీళ్లు తీసకరా అని కేకేసినా. మీ వదిన వచ్చింది నీళ్లు తీసుకుని. నా మొహం చూసి ఏడ్చింది. ఆ పొద్దే కోసేసినా."

ఆ కేక నాకు వినబడినట్టే అనిపించింది. నాన్నా అలాగే కేకేసేవాడు, అన్నా అలాగే కేకేసేవాడు. అయినా నేను అనవలసింది అన్నాను.

"అయితే నన్ను పిలిచి ఇచ్చేసి ఉండొచ్చు గదా. నీ కళ్లకి కనబడకుండా నేనే తీసకపోయేదాన్ని గదా."

అన్న ఒళ్లో బెండు తీసి మళ్లీ వల మీద పెట్టాడు. అతని బాధ నాకు అర్థమైంది. నాది మాత్రం అలాగే ఉంది.

వదిన పందిరి కాడికే పళ్లెం తెచ్చింది. అన్నం, చేపల పులుసు. "తిను అమ్మాయ్. ఆ పొద్దు తినకుండా పోయినావు" అంది. ఆమెకు అది గుర్తుంది. నెత్తిన పెట్టుకుని ఊరేగడం మాట గురించి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పులుసు బాగుందని చెప్పాను. బాగుంది కాబట్టి చెప్పాను. మాట మరిచిపోయానని కాదు.

వచ్చేటప్పుడు అన్న కత్తి తీసి, టీచరమ్మ కోసం ఒక బెండు కోసిస్తానన్నాడు. వద్దన్నాను. ఏది కోసినా అది అమ్మది అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు. అమ్మది కాకపోతే అది నాకు అక్కర్లేదు. అమ్మదే అయితే బల్ల మీద పెట్టి ఎదురింటామెకు చూపించడం నాకు ఇష్టం లేదు. వల అలాగే పడవలోకి ఎక్కింది.

ఒకటో తేదీ పొద్దున వీధిలో బల్ల వేశారు. నూనె డబ్బాల్లో పెంచిన తులసి మొక్కలు, పాత జీన్సు ప్యాంటుతో కుట్టిన కాళ్లు తుడుచుకునే పట్టా, సీసాలతో చేసిన పూలకుండీలు పెట్టారు. అన్నిటికన్నా ముందు టీచరమ్మ గుడ్డసంచులు ఉన్నాయి. ఇంటికొకటి చొప్పున అందరికీ పంచుతోంది. అవి ఆమె భర్త చొక్కాలు. ఆయన కిందటి వానాకాలంలో పోయాడు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పేపరు చంకలో పెట్టుకుని, వీధిలో కనబడిన ప్రతి పిల్లవాడినీ ఏ క్లాసని అడిగే మనిషి.

"బీరువా అంతా ఖాళీ చేసేసినానమ్మాయ్. ఊరికే ఉంచితే చిమ్మెటలు కొట్టేస్తాయి. ఇట్టా అయితే నలుగురికీ పనికొస్తాయి. నువ్వు బెండు తేలేదా?"

"దొరకలేదు" అన్నాను.

ఆమె నా చేతిలో బూడిదరంగు గళ్ల సంచీ ఒకటి పెట్టింది. చొక్కా జేబు విప్పకుండా అలాగే ఉంచి కుట్టింది. జేబు అడుగున పెన్ను కారిన నీలం మరక ఉంది. నా వేలు ఆ మరక మీద ఆగిపోయింది.

"అన్నీ కోసేసినారా టీచరమ్మా? చొక్కా చొక్కా మాదిరిగా ఒక్కటీ లేదా?"

"అన్నీ. ఒక్క ముక్క వేస్ట్ కాలేదు" అంది గర్వంగా.

నేను సంచీ మడిచి ఆమెకే ఇచ్చాను. "అయితే ఇది మీరే ఉంచుకోండి. దీన్ని దేనికీ వాడబాకండి. కూరగాయలకీ వద్దు, దేనికీ వద్దు. ఊరికే ఉంచుకోండి."

"ఊరికే ఉంచుకోకూడదనే గదా ఇంతసేపూ చెప్పింది" అని నవ్వింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె మొహం మారింది. "ఇచ్చింది మొహాన కొట్టడం ఏం మర్యాద అమ్మాయ్? తెస్తానన్నది తేవు, ఇచ్చింది తీసుకోవు!"

"ఆమెకి ఎప్పుడూ ఎవురో ఒకరి మీద కోపమే గదా టీచరమ్మా, వదిలెయ్యండి" అంది ఎదురింటామె. అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి ఆమె కట్టుకున్నది ఆకుపచ్చ చీర.

నేను చెప్పాలనుకున్నది అక్కడ చెప్పలేకపోయాను. చెబితే అమ్మ చెప్పుల సంగతి చెప్పాలి. చెప్పి ఇంకోసారి నవ్వించుకోలేను. సంచీ బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

అప్పటి నుంచి టీచరమ్మ నాతో మాట్లాడటం లేదు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది. వీధిలో ఆడవాళ్లు ఆమె చెప్పినట్టే చేస్తున్నారు. పొద్దున బజారుకు పోతే ఆయన చొక్కాలు కనబడతాయి. చారల చొక్కాలో సొరకాయ, తెల్ల చొక్కాలో ఉల్లిపాయలు, ఎదురింటామె చేతిలో లేత నీలం చొక్కా, అందులో చేపలు. నేను చూపు దించుకుని నడుస్తాను. టీచరమ్మ కూడా ఈమధ్య బజారుకు రావడం తగ్గించింది.

బూడిదరంగు గళ్ల సంచీ మాత్రం ఇంతవరకూ ఎవరి చేతిలోనూ చూడలేదు. ఆమె దాన్ని బీరువాలో పెట్టుకుందో, పీలికలు చేసి కిటికీలు తుడుస్తోందో నాకు తెలియదు. అడగాలంటే ముందు ఆమె నాతో మాట్లాడాలి.